స్టెంటు వేశాక పొట్ట సంగతి



గుండెపోటు వచ్చిన మనిషిని వేళకు ఆసుపత్రికి చేర్చారు. యాంజియోగ్రామ్ చేశారు. మూసుకుపోయిన రక్తనాళాన్ని బెలూన్‌తో తెరిచి స్టెంటు వేశారు. నాలుగు రోజులకు ఇంటికి పంపించారు. చుట్టాలు వచ్చి పలకరించి, "గండం గడిచింది, అంతే చాలు" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ అది సగం నిజం. నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డ పోయింది. ఆ గడ్డ కట్టడానికి దారితీసిన పరిస్థితి మాత్రం ఒంట్లో అలాగే ఉంది. అందులో పెద్ద వాటా పొట్టలో పేరుకున్న కొవ్వుది. ఆ కొవ్వు రక్తంలోకి కొన్ని హార్మోన్లను వదులుతుంది. గుండెపోటు రావడంలో వాటి పాత్ర ఉంటుంది. వచ్చాక వైద్యులం చేసే చికిత్స ఎంతవరకు ఫలిస్తుందన్న దానిలోనూ ఉంటుంది. ఈ పూట మీతో మాట్లాడబోయేది వాటి గురించే.

కొవ్వు అంటే మిగిలిపోయిన తిండిని దాచిపెట్టే గాదె అని వైద్యులం కూడా చాలాకాలం నమ్మాం. గాదె మాట్లాడదు, ఆజ్ఞలివ్వదు. కొవ్వు రెండూ చేస్తుందని తెలియడానికి కొన్ని ఎలుకలు కారణం.

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్ అనే చిన్న ఊరుంది. అక్కడి జాక్సన్ లేబొరేటరీలో 1949లో ఒక వింత ఎలుక పుట్టింది. ఎంత తిన్నా దానికి ఆకలి తీరేది కాదు. మామూలు ఎలుకకు మూడు రెట్ల బరువు పెరిగింది. 1960ల్లో అదే చోట ఇంకో రకం లావు ఎలుకలు బయటపడ్డాయి. డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త ఈ రెండు రకాలనూ తీసుకుని, ఒకదాని రక్తం ఇంకోదాని ఒంట్లోకి పారేలా జంటలు కలిపాడు. మొదటి రకం ఎలుకను రెండో రకంతో కలిపితే, మొదటిది తిండి మానేసి చిక్కిపోయింది. రెండోది మాత్రం లావుగానే ఉండిపోయింది. కోల్‌మన్ దీన్నుంచి ఒక విషయం ఊహించాడు. "ఇక చాలు" అని చెప్పే పదార్థమేదో రక్తంలో తిరుగుతోంది. మొదటి ఎలుక ఒంట్లో అది తయారే కావడం లేదు. రెండో ఎలుకలో బోలెడంత తయారవుతోంది, దాని మెదడు మాత్రం దాన్ని గుర్తించడం లేదు.

ఆ పదార్థం ఏమిటో తేలడానికి 1994 దాకా ఆగాల్సి వచ్చింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దాని జన్యువును పట్టుకుంది. ఆ హార్మోన్‌కు లెప్టిన్ అని పేరు పెట్టారు. అది పుట్టేది కొవ్వు కణాల్లో. అంటే కొవ్వు కూడా థైరాయిడ్ లాగా, క్లోమం లాగా ఒక గ్రంథి. ఈ పరిశోధనకు కోల్‌మన్, ఫ్రీడ్‌మన్‌లకు 2010లో లాస్కర్ బహుమతి ఇచ్చారు.

లెప్టిన్ దొరకగానే స్థూలకాయానికి మందు దొరికిందని ప్రపంచమంతా సంబరపడింది. పుట్టుకతోనే లెప్టిన్ లేని అరుదైన పిల్లలకు అది నిజంగానే ప్రాణం పోసింది. మిగతా వాళ్ల సంగతి వేరు. మనలో లావుగా ఉన్నవాళ్లకు లెప్టిన్ కొరత లేదు. కొవ్వు ఎంత ఎక్కువుంటే రక్తంలో లెప్టిన్ అంత ఎక్కువగా ఉంటుంది. మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మన పరిస్థితి కోల్‌మన్ చూసిన రెండో ఎలుకకు దగ్గర. ఆకలిని అదుపు చేయలేకపోయిన ఆ లెప్టిన్ రక్తంలో ఊరికే ఉండదు. దాన్ని అందుకునే ఏర్పాటు రక్తనాళాల గోడల్లో ఉంది, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లలో కూడా ఉంది. లెప్టిన్ ఎక్కువైతే ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి అంటుకునే గుణం పెరుగుతుందని ప్రయోగశాలల్లో చూశారు. స్కాట్లాండ్‌లో మధ్యవయసు మగవాళ్ల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, లెప్టిన్ ఎక్కువున్నవాళ్లకు గుండెపోటు ముప్పు ఎక్కువని 2001లో తేలింది. బరువు, బీపీ, కొలెస్ట్రాల్ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా నిలిచింది.

కొవ్వు నుంచే వచ్చే ఇంకో హార్మోన్ అడిపోనెక్టిన్. 1995, 96 సంవత్సరాల్లో అమెరికాలోనూ జపాన్‌లోనూ వేర్వేరు బృందాలు దీన్ని కనిపెట్టాయి. దీని నడవడి లెప్టిన్‌కు పూర్తిగా తలకిందులు. ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది. ఇది చేసే పనులు మాత్రం మేలైనవి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేసేలా చూస్తుంది. రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేసుకోవడానికి తోడ్పడుతుంది. నాళం సులువుగా సాగడానికి, గడ్డలు అంటుకోకుండా ఉండడానికి ఆ నైట్రిక్ ఆక్సైడే ఆధారం. అమెరికాలో 18 వేల మందికి పైగా మగవాళ్ల రక్త నమూనాలు భద్రపరిచి ఆరేళ్లు గమనించారు. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. అడిపోనెక్టిన్ బాగా ఎక్కువున్న వర్గంలో గుండెపోటు ముప్పు, బాగా తక్కువున్న వర్గంతో పోలిస్తే దాదాపు 60 శాతం తక్కువగా కనిపించింది.

ఇప్పుడు ఆసుపత్రిలో ఏం జరుగుతుందో చూద్దాం. గుండెకు రక్తం అందించే నాళం గోడలో పేరుకున్న కొవ్వు పొర ఒకచోట చిట్లుతుంది. దాని మీద రక్తం గడ్డకడుతుంది. దారి మూసుకుపోతుంది. అప్పుడు మేం చేయగలిగేవి రెండు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడం ఒకటి. తీగ పంపి నాళాన్ని తెరిచి స్టెంటు వేయడం రెండోది. ఈ రెండు చికిత్సలకూ కొవ్వు అడ్డుపడే తీరు ఉంది.

ముందు ఇంజెక్షన్ సంగతి. గడ్డలను కరిగించే ఒక పదార్థాన్ని మన శరీరం సహజంగానే తయారు చేసుకుంటుంది. దాన్ని పట్టుకుని పనిచేయకుండా ఆపే ప్రోటీన్ ఇంకొకటుంది. దాని పేరు పీఏఐ-1. పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు ఈ ప్రోటీన్‌ను విస్తారంగా తయారు చేస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు 1996లో చూపించారు. అంటే పెద్ద పొట్ట ఉన్న మనిషి రక్తంలో గడ్డ కట్టే గుణం పెరిగి, కరిగే గుణం తగ్గుతుంది. మనం బయటి నుంచి ఇచ్చే మందుకు కూడా ఇదే ఎదురు నిలుస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న టెనెక్టెప్లేస్ అనే ఇంజెక్షన్‌ను శాస్త్రవేత్తలు రూపొందించేటప్పుడే, పీఏఐ-1 చేతికి సులువుగా చిక్కకుండా దాని నిర్మాణాన్ని మార్చారు. ఒంట్లో పుట్టే ఒక ప్రోటీన్ చికిత్సకు ఎంత అడ్డో ఆ మార్పే చెబుతోంది.

ఇక స్టెంటు సంగతి. కొందరిలో పెద్ద నాళం చక్కగా తెరుచుకుంటుంది, తెర మీద బొమ్మ బాగుంటుంది. అయినా గుండె కండరం లోపల వెంట్రుకల్లాంటి సన్నని నాళాల్లోకి రక్తం సరిగ్గా పారదు. అప్పుడు కండరం ఎక్కువగా దెబ్బతింటుంది. ఆ సన్న నాళాల లోపలి పొర ముందునుంచీ ఎంత ఆరోగ్యంగా ఉందన్నది ఇక్కడ తేడా తెస్తుంది. బోస్టన్‌లో జరిగిన ఒక ప్రయోగంలో, అడిపోనెక్టిన్ లేకుండా పుట్టించిన ఎలుకల గుండె నాళాన్ని కాసేపు మూసి మళ్లీ తెరిచారు. మామూలు ఎలుకల్లో కంటే వీటి గుండెలో ఎక్కువ భాగం చచ్చిపోయింది. అడిపోనెక్టిన్ ఎక్కించినప్పుడు ఆ నష్టం తగ్గింది. 2005లో వచ్చిన ఆ ఫలితం తర్వాత, గుండెపోటు రోగుల్లో ఈ హార్మోన్లను కొలిచే పరిశోధనలు చాలా దేశాల్లో మొదలయ్యాయి.

అక్కడ ఒక చిక్కు ఎదురైంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అడిపోనెక్టిన్ ఎక్కువుంటే మంచిదని ఇందాక చెప్పాను. గుండెపోటు వచ్చినవాళ్లలోనూ, గుండె బలహీనపడినవాళ్లలోనూ చూస్తే, అది ఎక్కువున్నవాళ్లే ఎక్కువగా చనిపోతున్నట్టు పలు అధ్యయనాల్లో కనబడింది. మంచి హార్మోన్ చెడ్డదైపోయిందా? అలా అనుకోనక్కర్లేదు. గుండె అలసిపోయినప్పుడు అది విడుదల చేసే పదార్థాలు అడిపోనెక్టిన్‌ను పెంచుతాయి. జబ్బు ముదిరి మనిషి చిక్కిపోయినప్పుడు కూడా అది పెరుగుతుంది. కాబట్టి అక్కడ పెరిగిన అంకె గుండె పడుతున్న కష్టానికి గుర్తు కావచ్చు. లెప్టిన్ విషయం కూడా సూటిగా ఉండదు. అసలు లెప్టిన్ లేని ఎలుకల్లో గుండెపోటు తర్వాత గుండె మరీ ఎక్కువగా పాడైంది. లెప్టిన్ ఇచ్చాక మెరుగుపడింది. ఏ హార్మోన్‌నూ దుష్టుడని ముద్ర వేయలేం.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. లెప్టిన్, అడిపోనెక్టిన్ పరీక్షలు చేస్తామని ఎవరైనా ప్రకటనలిస్తే మీరు డబ్బు తగలేసుకోవద్దు. ఆ అంకెను బట్టి ఇవాళ మీ చికిత్సలో మార్చగలిగేది ఏమీ లేదు. అవి పరిశోధకులకు దారి చూపే పరీక్షలు. మీకు పనికొచ్చే కొలత ఇంకొకటి ఉంది. దాని దగ్గరికే వస్తున్నాను.

ఆ కొలత చెప్పే ముందు ఒక అపోహను తొలగించాలి. "లావుగా ఉన్నవాళ్లే గుండెపోటును బాగా తట్టుకుంటారట కదా" అని కొందరు చదువుకున్నవాళ్లు అడుగుతుంటారు. ఈ మాటకు ఆధారం లేకపోలేదు. రెండున్నర లక్షల మంది గుండె జబ్బు రోగుల వివరాలతో 2006లో వచ్చిన సమీక్షలో, బాగా సన్నగా ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువగానూ, కాస్త లావుగా ఉన్నవాళ్లలో తక్కువగానూ కనిపించాయి. కానీ అక్కడ లావును కొలిచింది బీఎంఐతో, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువుతో. ఆ లెక్కకు కండ ఏదో కొవ్వు ఏదో తెలియదు. పిక్కల్లో ఉన్న కొవ్వుకూ పేగుల చుట్టూ ఉన్న కొవ్వుకూ తేడా తెలియదు. 2011లో దాదాపు 16 వేల మంది గుండె జబ్బు రోగుల్లో నడుము చుట్టుకొలతతో లెక్క చూశారు. అప్పుడు బొమ్మ తిరగబడింది. పొట్ట ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువ. బీఎంఐ మామూలుగానే ఉండి పొట్ట మాత్రం ఉన్నవాళ్లకు కూడా ఆ ముప్పు తప్పలేదు.

ఆ చివరి వాక్యం మనవాళ్లకు బాగా వర్తిస్తుంది. పుణెలో కేఈఎం ఆసుపత్రికి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం. యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, చొక్కా కింద పొట్ట మాత్రం ముందుకు వచ్చిన మనిషి మన ప్రతి వీధిలోనూ కనిపిస్తాడు. అతనికి తాను లావన్న అనుమానమే రాదు. అందుకే మన దేశంలో బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని హద్దులు తగ్గించి పెట్టారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో బీఎంఐ 25, ఆపైన ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. దేశ సగటు 24 శాతం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం, మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే ఐదారేళ్లు ముందే వస్తోంది. సంపాదించే వయసులో, పిల్లల చదువులు పూర్తికాక ముందే వస్తోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

కొవ్వు తగ్గిస్తే గుండెపోటు రోగి బతుకు నిజంగా మెరుగవుతుందా? ఈ మధ్య వచ్చిన జవాబులు ఆశ కలిగిస్తున్నాయి. స్వీడన్‌లో గుండెపోటు వచ్చి కోలుకున్న స్థూలకాయుల్లో 509 మంది బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకున్నారు. అలాంటి ఒడ్డూపొడుగూ, అలాంటి జబ్బూ ఉండి శస్త్రచికిత్స చేయించుకోని 509 మందితో వారిని పోల్చారు. ఎనిమిదేళ్లలో మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం వంటివి శస్త్రచికిత్స లేనివాళ్లలో 36 శాతానికి పైగా ఉంటే, చేయించుకున్నవాళ్లలో 19 శాతం లోపే ఉన్నాయి. ఇది చీటీ వేసి రెండు జట్లుగా విడదీసి చేసిన పరీక్ష కాదు, కాబట్టి కొంత జాగ్రత్తగా చూడాలి. అయినా తేడా పెద్దది.

చీటీ వేసి చేసిన పరీక్ష కూడా ఒకటుంది. మనం తిన్నప్పుడు పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను వదులుతాయి. అది కడుపు నిండిందని మెదడుకు చెబుతుంది. దాన్ని పోలిన మందు సెమాగ్లుటైడ్. 41 దేశాల్లో గుండె, రక్తనాళాల జబ్బూ ఎక్కువ బరువూ ఉండి, షుగరు లేని 17,604 మందితో పరీక్ష జరిపి, వారానికొక ఇంజెక్షన్ చొప్పున దీన్ని ఇచ్చి చూశారు. సగం మందికి మందు, సగం మందికి మందులేని ఇంజెక్షన్. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది అప్పటికే గుండెపోటు చూసినవాళ్లు. 2023 నవంబరులో ఫలితాలు వచ్చాయి. మూడేళ్ల పైచిలుకు కాలంలో, మందు లేనివాళ్లలో నూటికి 8 మందికి గుండె సంబంధ మరణమో, గుండెపోటో, పక్షవాతమో వచ్చింది. మందు తీసుకున్నవాళ్లలో నూటికి 6.5 మందికి వచ్చింది. అంటే వెయ్యి మందికి ఇస్తే 15 మంది తప్పించుకున్నారు. అదీ స్టాటిన్లు, ఆస్పిరిన్ వంటి మామూలు మందులు వాడుతూ ఉన్నవాళ్లలో అదనంగా వచ్చిన మేలు.

బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు 2025లో మన దేశంలో కూడా అమ్మకానికి వచ్చాయి. చేతులు జోడించి ఒక మాట చెబుతున్నాను. వీటిని పెళ్లికి ముందు నాజూకు కావడానికి వాడే వస్తువులుగా చూడకండి. స్నేహితుడు వాడాడని మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి. వాంతులు, విరేచనాలు, కడుపు ఉబ్బరం తట్టుకోలేక ఆ పరీక్షలోనే చాలామంది మధ్యలో మానేశారు. మందు ఆపితే బరువు తిరిగి వస్తుంది. ఎవరికి అవసరం, ఎవరికి పనికిరాదు అన్నది డాక్టరు తేల్చాలి.

ఇక ఇందాక చెప్పిన కొలత. దానికి కావలసింది దర్జీ వాడే టేపు ఒక్కటే. నిలబడండి. చిట్టచివరి పక్కటెముకకూ, కింద తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. చీర కుచ్చిళ్ల మీంచీ, ప్యాంటు బెల్టు మీంచీ కొలవకూడదు. పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలాక అంకె చూడండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై అయిదున్నర అంగుళాలు. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు. అంతకు మించితే, మీ బరువు ఎంతున్నా సరే, మీ పొట్టలో హార్మోన్ల పొందిక చెడిందని అనుకోవచ్చు. గుండెపోటు వచ్చినవాళ్లు ప్రతి నెలా ఈ అంకె రాసుకుని, బీపీ, షుగరు చీటీలతో పాటు డాక్టరుకు చూపించండి. ఆయన అడక్కపోతే మీరే చెప్పండి.

దాన్ని తగ్గించే దారి మీకు తెలియనిదేమీ కాదు. బరువులో అయిదు నుంచి పది శాతం తగ్గినా గుండెకు మేలు మొదలవుతుంది. 70 కిలోల మనిషికి అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. కంచంలో అన్నం తగ్గించి, పప్పు, కూరలు పెంచండి. నూనెలో వేయించినవీ, స్వీట్లూ, చక్కెర వేసిన కూల్ డ్రింకులూ మానండి. డాక్టరు ఎంత దూరం నడవమంటే అంత దూరంతో మొదలుపెట్టి, రోజుకు అరగంటకు చేర్చండి. గుండెపోటు తర్వాత నడిస్తే ఏమవుతుందోనన్న భయంతో ఇంట్లోవాళ్లు మనిషిని మంచానికి కట్టేస్తుంటారు. దానివల్ల పొట్ట పెరుగుతుంది, కండ తరుగుతుంది. రోగి కోలుకోవడానికి అది మంచిది కాదు. కడుపు మాడ్చుకుని నెలలో పది కిలోలు తగ్గాలన్న తొందర కూడా వద్దు, అప్పుడు పోయేది చాలావరకు కండే. బీడీ, సిగరెట్, గుట్కా ఉంటే పూర్తిగా వదిలేయండి. బరువు తగ్గింది కదా అని డాక్టరుకు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపవద్దు. స్టెంటు వేసిన తొలి ఏడాదిలో రక్తాన్ని పలచబరిచే మాత్రలు ఆపితే స్టెంటులోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

చివరగా, అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసినది ఒకటి. దేశంలోని 89 ఆసుపత్రుల్లో దాదాపు 21 వేల మంది గుండె రోగులను గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద గుండెపోటు వచ్చినవాళ్లలో సగం మందికి నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి ఆరు గంటలో, అంతకంటే ఎక్కువో పట్టింది. ఆ ఆరు గంటల్లో పోయిన కండరాన్ని ఏ స్టెంటూ తిరిగి తేలేదు. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. ఆడవాళ్లలోనూ షుగరు ఉన్నవాళ్లలోనూ నొప్పి లేకుండా ఆయాసంగానో, విపరీతమైన నీరసంగానో కూడా రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రాణం కాపాడడం ఆసుపత్రి పని. కాపాడిన ప్రాణం ఇరవై ఏళ్లు నిలవడం మాత్రం సగం మీ ఇంటి పని. స్టెంటు ఒక నాళంలో ఒక్కచోట దారి తెరుస్తుంది. పొట్ట కొవ్వు వదిలే హార్మోన్లు ఒంట్లోని అన్ని నాళాల్లోనూ, రాత్రీ పగలూ తిరుగుతూ ఉంటాయి. ఇంట్లో గుండెపోటు నుంచి కోలుకుంటున్న పెద్దవాళ్లుంటే, ఈ వారంలోనే వాళ్ల నడుము కొలవండి. వాళ్లతో పాటు మీదీ కొలుచుకోండి.